వడ్రంగి గీత
(దోహాలో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు బహుశా కృత్రిమ మేధ గురించో, మన ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అన్నదాని గురించో చెబుతానని ఆశించి ఉంటారు. అవి చెప్పడానికి ఈ హాల్లో నాకన్నా సమర్థులు కనీసం ఇరవై మంది ఉన్నారు. నేను మాట్లాడబోయే వస్తువు ఇదిగో, నా చేతిలో ఉంది. జానెడు కర్ర, దాని మీద జరిగే ఒక చెక్క దిమ్మ, కర్ర చివర చిన్న మేకు. దీన్ని మన ఇంజనీరింగ్ పుస్తకాలు మార్కింగ్ గేజ్ అంటాయి. దోహా ఇండస్ట్రియల్ ఏరియా వడ్రంగి షాపుల్లో మనవాళ్ళూ, ఉత్తరాది వాళ్ళూ, పాకిస్తానీలూ కలిసి పని చేస్తారు కనుక అందరికీ అర్థమయ్యేలా ‘ఖత్‌కష్’ అంటారు. ఖత్ అంటే గీత, కష్ అంటే లాగేది. పనిముట్టు పనేమిటో దాని పేరులోనే ఉంది.

ఇక్కడున్న ఇంజనీర్లందరూ దీన్ని ఒకసారి పట్టుకున్నవాళ్ళే. మొదటి సంవత్సరం వర్క్‌షాప్ గుర్తుందా? కార్పెంట్రీ షెడ్డులో టీ ల్యాప్, డవ్‌టెయిల్. ఫిట్టింగ్ షెడ్డులో ఇనుప పలకకు సుద్ద పూసి స్క్రైబర్‌తో గీతలు, వాటి మీద పంచ్‌తో చుక్కలు. ఖాకీ చొక్కా వేసుకుని, ఎప్పుడు అయిపోతుందా అని గడియారం చూస్తూ చేశాం. మార్కులు వచ్చాయి, మరిచిపోయాం. ఆ షెడ్డులో ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన నాలుగు మాటల విలువ నాకు ఇరవై ఏళ్ళ తర్వాత, ఖతర్‌లో, సాయంత్రాలు చెక్కపని నేర్చుకుందామని కూర్చున్నప్పుడు తెలిసింది.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. ఇక్కడ మనల్ని ‘ముహందిస్’ అని పిలుస్తారు. అరబ్బీలో ‘హందసా’ అంటే రేఖాగణితం, ఇంజనీరింగ్. ఆ మాట పారశీకంలోని ‘అందాజ’ నుంచి వచ్చింది, అర్థం కొలత. అదే పారశీక పదం మన ఊళ్ళకీ వచ్చింది. వచ్చి ఏమైంది? ‘అందాజు’ అయింది! అరబ్బుల దగ్గర కచ్చితత్వానికి పేరైన మాట మన దగ్గర సుమారుకి పేరైంది. నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, నేను చూసినంతలో నిజమైన వడ్రంగి ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటాడు. అతడు అంకెలతో కొలవడు, అందాజుగానూ కోయడు. గీత గీస్తాడు.

గీతలో ఏముంది అంటారా? పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. చెక్కేకొద్దీ ముక్కు అరిగిపోయే వడ్రంగి పెన్సిల్ అయితే అరమిల్లీమీటరు దగ్గర మొదలై ఒక మిల్లీమీటరు దాకా పోతుంది. మరి రంపం ఆ గీతకు ఎడమవైపు నడవాలా, కుడివైపు నడవాలా, నడుమనా? ఒక పెట్టెకు నాలుగు మూలలు, ఒక్కో మూలకు రెండు వైపులు. ప్రతిచోటా అరమిల్లీమీటరు అనుమానం మిగిలితే మూత పట్టదు. కత్తితో గీసిన గీత అలా కాదు. అది రంగు కాదు, చెక్కలో తెగిన నిజమైన గాటు. దానికి ఒక గోడ ఉంటుంది. వృథాగా పోయే వైపు నుంచి ఉలితో సన్నగా ఒక పొర లేపేస్తే చిన్న మెట్టు ఏర్పడుతుంది, రంపం పళ్ళు అందులో వాటంతట అవే కూర్చుంటాయి. చివర్లో ఉలి పెట్టి సరిచేసేటప్పుడు కూడా అంచు ఆ గాటులోకి దిగుతుంది. కంటికి ఆనకపోయినా వేలికి తెలుస్తుంది.

కత్తికి ఒకవైపే ఏటవాలు ఉండాలి. చదునువైపు గునియాకి (మా కోస్తాలో మూలమట్టం) ఆనించి, ఏటవాలు వృథా వైపు ఉండేలా గీస్తారు. మొదటిసారి ఈకతో తాకినంత తేలిగ్గా, రెండోసారి కొంచెం, మూడోసారి గట్టిగా. మొదటే బలం పెడితే కత్తి చెక్క పోగు వెంట జారిపోతుంది. గేజ్ సంగతీ అంతే. దిమ్మను చెక్క అంచుకు గట్టిగా అదిమి, మేకు వెనక్కి వాలి ఈడ్చుకుంటూ వచ్చేలా పట్టుకోవాలి. నిటారుగా పట్టుకుంటే మేకు పోగుల్లో గుచ్చుకుని గెంతుతుంది. ఇంకొకటి, గుండ్రటి మేకు పోగు వెంట బాగా పని చేస్తుంది గానీ, పోగుకు అడ్డంగా గీస్తే చింపేస్తుంది. అడ్డంగా గీయడానికి మేకు స్థానంలో చిన్న బ్లేడు ఉన్న గేజ్ కావాలి. కొత్తగా కొనేవాళ్ళు ఒకటే కొని, అది పనికిరాదని మూల పడేయడానికి ముఖ్య కారణం ఇదే.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: ప్రతి ముక్కకీ ఒక ముఖం, ఒక అంచు ముందుగా చదును చేసి, గుర్తు పెట్టి, గీతలన్నీ ఆ రెంటి నుంచే గీయాలి. ఎదురు ముఖం నుంచి ఒక్క గీత గీసినా, చెక్క మందంలో ఉన్న తేడా అంతా ఆ కీలులోకి వచ్చి చేరుతుంది. మన సాఫ్ట్‌వేర్ సోదరులకు విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను. ఒకే సమాచారాన్ని రెండుచోట్ల దాచి, రెంటినీ సరిచూసుకుంటూ జీవితాలు గడిపేస్తున్నవాళ్ళం కదా!

నాకు ఇదంతా ఓపికగా చూపించిన మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. ఇండస్ట్రియల్ ఏరియాలో పని. పేరు చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ఒక సొరుగుకి డవ్‌టెయిల్ మూలలు వేస్తుంటే నేను పక్కనే టేపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నవ్వి, “నంబరెందుకు సార్, కట్టెనే కట్టె మీద పెట్టి గీస్తే అయిపోదా?” అన్నాడు. అయిపోతుంది. ముందు ఒక పలకకు పావురం తోకలు కోస్తాడు. అవి ఒకదానికొకటి సరిసమానంగా ఉన్నాయా అన్నది ఆయనకు పట్టదు. ఆ కోసిన పలకనే రెండో పలక తల మీద నిలబెట్టి, తోకల చుట్టూ కత్తితో గీసేస్తాడు. మొదటి దానిలో ఉన్న వంకరలు రెండో దానిలోకి యథాతథంగా దిగుతాయి, రెండూ కలుస్తాయి. గూడు తొలిచేటప్పుడు కూడా అంతే. పన్నెండు మిల్లీమీటర్లని స్కేలు చూడడు. చేతిలో ఉన్న ఉలి వెడల్పుకే గేజ్ మేకులు సరిపెడతాడు, కుసికి కూడా గేజ్ కదపకుండా అదే గీత గీస్తాడు.

దీనికి ఖతర్ వాతావరణం కూడా తోడు. ఆగస్టు, సెప్టెంబరుల్లో బయట గాలి తడిగుడ్డలా ఉంటుంది, లోపల ఏసీ ఎండగడుతుంది. చెక్క పొడవులో దాదాపు మారదు గానీ, పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఆదివారం కొలిచిన వెడల్పు గురువారం ఉండకపోవచ్చు. డ్రాయింగు మీది అంకె మారదు, చెక్క మారుతుంది. అందుకే ఆయన కలపాల్సిన రెండు ముక్కల్నీ ఒకేరోజు, ఒకదాని మీద ఒకటి పెట్టి గీస్తాడు.

ఇప్పుడు షాపుల్లో పెద్ద పానెల్ రంపాలు, కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు వచ్చాయి. అవి మా మేస్త్రికన్నా వేగంగా, నున్నగా కోస్తాయి. అందులో వాదన లేదు. కానీ ఆ యంత్రం కోసిన తిన్నని అల్మారాను విల్లాలో గోడ పక్కన నిలబెట్టండి. గోడ తిన్నగా ఉండదు. ప్లాస్టరు పైన ఒక వంపు, కింద ఒక వంపు. పైన వేలు దూరుతుంది, కింద దూరదు. అప్పుడు మేస్త్రిని పిలుస్తారు. ఆయన అల్మారాను మట్టం చూసి నిలబెట్టి, ఎక్కువ సందు ఎంత ఉందో అంతకు వృత్తలేఖిని తెరిచి, ఒక కాలు గోడ మీద, పెన్సిల్ ఉన్న కాలు చెక్క మీద పెట్టి పైనుంచి కిందికి లాగుతాడు. గోడ వంకర మొత్తం చెక్క మీదికి వస్తుంది. ఆ గీత వెంట కోస్తే అల్మారా గోడకు అతుక్కుంటుంది. స్క్రైబింగ్ అంటే ఇదే. ఈ మధ్య ఆయన పని ఎక్కువగా ఇలాంటిదే: యంత్రం ఆగిపోయిన చోట మొదలయ్యేది.

ఈ విద్య ఈ గడ్డకు కొత్తది కాదు. కార్నిష్ ఒడ్డున కనిపించే చెక్క పడవలు చూశారు కదా. 2011లో మొదలైన కతారా సంప్రదాయ పడవల ఉత్సవానికి పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళూ మనలో ఉన్నారు. గల్ఫ్‌లో పడవ వడ్రంగిని ‘గల్లాఫ్’ అంటారు. పూర్వపు గల్లాఫ్‌లు కాగితం మీద బొమ్మ లేకుండానే పడవ కట్టేవారు. కలప మన మలబారు నుంచి వచ్చిన టేకు. ముందు వెలుపలి పలకలు ఒకదాని అంచుకు ఒకటి కుదిర్చి, లోపలి పక్కటెముకలు తర్వాత ఆ పలకల వంపును బట్టి చెక్కి అమర్చేవారు. అంటే ఓడంత వస్తువును గోడ పక్క అల్మారాలాగే కుదిర్చారన్నమాట. మన గోదావరి చివర తాళ్ళరేవు, కోరంగిల్లోనూ చెక్క ఓడలు కట్టే వడ్రంగులు ఉండేవారు. ఆ కోరంగి పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలన్నారు.

చదువుకున్నవాడికీ పనివాడికీ మధ్య తగాదా కూడా పాతదే. పదో శతాబ్దంలో బాగ్దాదులో అబుల్ వఫా అనే గణితవేత్త (940–998) పనివాళ్ళకు అవసరమైన రేఖాగణితం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. అందులో మూడు సమాన చదరాలను కోసి ఒకే చదరంగా కూర్చే సమస్య వస్తుంది. పనివాళ్ళు చేసి చూపించిన కొన్ని పద్ధతులు కంటికి సరిగ్గా ఉన్నట్టే ఉంటాయి, లెక్కకు నిలవవని చూపిస్తాడు. అలాగని గణితవేత్తలనూ వదలలేదు: నిరూపణ తెలిసినా చేతి అలవాటు లేక వాళ్ళకు కోయడం కష్టమవుతుందంటాడు. తర్వాత ఇద్దరికీ పనికొచ్చేలా, కోయడానికి వీలైన, నిరూపణకూ నిలిచే పద్ధతి చెబుతాడు. ముహందిస్ అంటే ఇలా ఉండాలనిపిస్తుంది నాకు.

ఇక అసలు సంగతి. మా మేస్త్రికి సర్టిఫికెట్ లేదు. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. 2021 మార్చిలో ఖతర్‌లో అందరికీ వర్తించే కనీస వేతనం వెయ్యి రియాళ్ళుగా అమల్లోకి వచ్చింది, మంచి పని. కానీ అది నేల మాత్రమే. నైపుణ్యానికి మెట్టు ఎంత ఎత్తున వేయాలో యజమాని నిర్ణయిస్తాడు, అతడు చూసేది కాగితం. మన దేశంలో 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగితో సహా పద్దెనిమిది చేతివృత్తుల వారికి సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తోంది. అయితే అది అక్కడ సొంతంగా పని చేసుకునేవాళ్ళ కోసం. ఇక్కడ పదిహేనేళ్ళుగా అల్మారాలు కుదురుస్తున్నవాడి పనికి సాక్ష్యం అతడు కుదిర్చిన అల్మారాలే, అవి ఇతరుల ఇళ్ళల్లో ఉన్నాయి.

మనం చేయగలిగింది చిన్నది. ఫోటోలు తీయడం, చేసిన పనుల జాబితా రాయడం, ఇంగ్లీషులో ఒక పేజీ బయోడేటా తయారుచేయడం. ఒక్కొక్కరికి రెండు సాయంత్రాలు చాలు. మేస్త్రికి అలా చేసిపెట్టాం. ఇంకో నలుగురు అడుగుతున్నారు, రాసేవాళ్ళు కావాలి.

రాసేటప్పుడు ఇంకో పని కూడా చేయండి: పనిముట్ల పేర్లు అడిగి రాసుకోండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చారు. ఊరూరా తిరిగి పోగుచేసిన మాటలవి. ఇక్కడైతే ఊళ్ళు తిరగక్కర్లేదు. జగిత్యాల, నిర్మల్, కడప, రాజోలు వడ్రంగులు ఒకే క్యాంపులో, పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ఒకరి రందా ఇంకొకరి చిత్రిక.

హాలు వెనక బల్ల మీద రెండు గేజ్‌లు, ఒక కత్తి, కొన్ని టేకు ముక్కలు పెట్టాను. భోజనాలకు ఇంకా అరగంట ఉందంటున్నారు. పిల్లల్ని కూడా రానివ్వండి, మేకు మొన మీద వేలు పెట్టకుండా చూసుకుంటే చాలు. పేర్లు రాసుకునే కాగితం కూడా అక్కడే ఉంది.