మునిగిన దీవులు చెప్పే మాట

తమిళనాడులో తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా, మన్నార్ సింధుశాఖలో 21 దీవులు ఉండేవి. వాటిలో రెండు ఇప్పుడు నీట మునిగిపోయాయి. చుట్టూ ఉన్న పగడపు దిబ్బలను సున్నం కోసం దశాబ్దాల పాటు తవ్వి పడవలకెత్తారు. అలల్ని అడ్డుకునే గోడే పోయాక ఇసుక నిలుస్తుందా?

పగడం రాయి కాదు, ప్రాణి. గోరంత కూడా ఉండని ఆ జీవి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండ తగిలి ఆ నాచు తయారుచేసేదే పగడానికి ప్రధానమైన తిండి. రంగు కూడా చాలావరకు దానివల్లే. మామూలు వేసవి వేడి కన్నా నీరు ఒకటి రెండు డిగ్రీలు పెరిగి, కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం నాచును బయటికి నెట్టేస్తుంది, తెల్లగా పాలిపోతుంది. అప్పటికింకా చావదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేదంటే ఆకలితో మాడిపోతుంది. 2010లో, మళ్లీ 2016లో మన్నార్‌లో ఎన్నో పగడాలు ఇలాగే పోయాయి.

1986లో ఇక్కడ సముద్ర జాతీయ పార్కు వచ్చింది. 2001లో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి చట్టం కింద పులికున్నంత రక్షణ దొరికింది. శాస్త్రవేత్తలు బతికున్న కొమ్మల్ని సిమెంటు పలకలకు కట్టి, సముద్రం అడుగున నాటుతున్నారు. ఎంతో ఓపికతో చేసే మంచి పని ఇది. కానీ సముద్రం వేడెక్కడం ఆగకపోతే ఆ నారు కూడా దక్కదు.

రామేశ్వరం యాత్రకు వెళ్లే శ్రోతలకు ఒక మనవి. అక్కడ ఎవరైనా తెల్లని పగడపు ముక్క అమ్మజూపితే దయచేసి కొనకండి. అది చట్టరీత్యా నేరం కూడా.