నాయన చూసిన విమానాలు



మొన్న మేడమీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. ఎక్కడో చాలా ఎత్తున విమానం చప్పుడైంది. చేతులు పిండిలోనే ఉన్నాయి, తల మాత్రం దానంతటదే పైకి లేచింది. "ఈ వయసులో విమానాలు చూస్తావేంటి వదినా!" అని మా ఆడపడుచు నవ్వింది. ఆ అలవాటు నాది కాదు, మా నాయనది. నాకు ఆస్తిగా వచ్చింది.

మాది ఉప్పల్ దాటాక చెంగిచెర్ల. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచి ఊరేదో పట్నమేదో తెలియకుండా పోయింది గాని, నా చిన్నతనంలో చుట్టూ జొన్నచేలే. నాయన నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేసేవాడు. పొద్దున్నే టిఫిను క్యారియరు సైకిలుకు తగిలించుకుని బయలుదేరేవాడు. సాయంత్రం వచ్చాక బర్రెల పని. సెలవునాడైనా కూర్చునేవాడా, ఎవరింట్లో బోరింగు చెడినా పానా పట్టుకుని పోయేవాడు. ఇంత చాకిరీ చేసే మనిషి ముఖాన విసుగన్నది మేం చూడలేదు. అమ్మ కూర మాడ్చిననాడు కూడా "ఇయ్యాల ఇంజను గరమైంది" అని నవ్వుతూ తినేవాడు.

పశువులు కాసే వయసులో డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాను చూశాడట. అప్పుడు పట్టింది ఆ పిచ్చి. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన కంపెనీ అది. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాత ఫోకర్లు, ఆవ్రోలు వచ్చాయి. రెండింటికీ రోల్స్ రాయిస్ వారి ఒకే రకం ఇంజన్లు కాబట్టి చప్పుడుతో పోల్చుకోవడం కష్టం. "రెక్కలు చూడు బిడ్డా. వీపు మీద ఉంటే ఫోకరు, కడుపు కింద ఉంటే ఆవ్రో" అనేవాడు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన చదువు అదే.

ఇంకొక విద్య కూడా ఉండేది ఆయన దగ్గర. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. వానాకాలం గాలి పడమటినుంచి వీస్తుంది కదా, అందుకని దిగే విమానాలు మా తూర్పు దిక్కునుంచి తగ్గుకుంటూ వచ్చేవి. చలికాలం తూర్పుగాలికి, లేచినవి మావైపు వచ్చేవి. జొన్నలు తూర్పారబట్టేటప్పుడు అమ్మ చేట ఎత్తిపట్టుకుని "గాలెటుందయ్యా?" అంటే, అందరూ చెట్లకేసి చూస్తే నాయన ఆకాశంకేసి చూసి చెప్పేవాడు.

అంత బరువు గాలిలో ఎట్లా నిలుస్తుందని ఒకసారి అడిగాను. కేలండరు కాగితం సన్నగా చింపి, ఒక కొస పెదవి కింద పట్టుకుని, కాగితం పైనుంచి ఊదాడు. వేలాడుతున్న కాగితం పైకి లేచింది! మీరూ చేసి చూడండి, పిల్లలు సంబరపడతారు. పై గాలి జోరుగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, కిందిగాలి ఎత్తుతుంది అని చెప్పాడు. ఆయన చదివింది నాలుగో తరగతి.

2003లో ఎయిర్ డెక్కన్ మొదలై తక్కువ ధర టిక్కెట్లు వచ్చాయి. నేను కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బు కొంత దాచి, "నాయనా, ఒక్కసారి ఎక్కిస్తా" అన్నాను. ఎంతవుతుందని అడిగాడు, చెప్పాను. కాసేపు ఊరుకుని, "కిటికీలకెళ్లి చూస్తే రెక్క ముక్కనే గదా కనబడేది! విమానం చూడాలంటే కిందనే నిలవడాలె" అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. అది సరదామాటో, నా డబ్బు మీద జాలో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

2008 మార్చిలో బేగంపేట మూసి, విమానాలన్నీ శంషాబాదుకు తరలిస్తున్నారని తెలిసింది. ఇరవై మూడు నుంచి అక్కడే. ఇరవై రెండున నాయన మా ఇంటికి వచ్చి, "బేగంపేట తోల్కపోతవా బిడ్డా, ఇయ్యాలే ఆఖరు" అన్నాడు. అప్పటికే మోకాళ్ల నొప్పులు, కర్ర పట్టాడు. ఇంట్లో హోలీకి వచ్చిన చుట్టాలు, అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. "విమానాలేగా నాయనా, ఎప్పుడూ చూసేవేగా" అన్నాను పొయ్యి దగ్గరనుంచే, తల తిప్పకుండా. సరే అని బయటికి వెళ్లాడు. అరుగు మీద కూర్చున్నాడనుకున్నాను.

రాత్రి తొమ్మిది దాటాక వచ్చాడు. బస్సులు మారి ఒక్కడే పోయి, రోడ్డు మీద నిలబడి, చీకటిపడేదాకా చూశాడట. భయంతో ఉన్నానేమో, కేకలు వేశాను. ఆయన మాత్రం మంచినీళ్లు తాగి, ఏది ఎప్పుడు లేచిందో వరసగా చెప్పసాగాడు. నేను వినకుండా కంచాలు కడగడానికి వెళ్లాను. ఎవరికి చెప్పాడో మిగతాది, చుట్టాలకేమో.

ఆ తర్వాత కూడా సాయంత్రాలు చెంగిచెర్ల వాకిట్లో కుర్చీ వేసుకుని పైకి చూసేవాడు. ఇంక రావు కదా నాయనా అంటే, "మనమీదికెళ్లి పోతలేవు గాని, యాడనో పోతున్నయి గదా" అనేవాడు. మరుసటి ఏడు వానాకాలంలో పోయాడు.

పోయిన ఏడు మనవరాలి బారసాలకు విశాఖపట్నం వెళ్లాల్సివచ్చి, మొదటిసారి శంషాబాదులో విమానం ఎక్కాను. మా అల్లుడు పోరి కిటికీ సీటు ఇప్పించాడు. లేచాక ఆత్రంగా కిందికి వంగి చూశాను. రెక్క అడ్డం. ఇటు వంగినా రెక్కే, అటు వంగినా రెక్కే. నాకు నవ్వాగలేదు. పక్క సీటులోని అమ్మాయి "ఏమైంది ఆంటీ?" అంది. దిగేదాకా ఆ పిల్లకు నాయన సంగతే చెప్పాను.