చిన్న మాట, పెద్ద మార్కు

తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పప్పు ఇంగ్లీషు మాటల ఆటలోనూ ఉంది! స్క్రాబుల్‌లో డి-ఏ-ఎల్ అని పేర్చినా 'దాల్' చెల్లుతుంది. మధ్యలో హెచ్ చేర్చి డి-హెచ్-ఏ-ఎల్, డి-ఏ-హెచ్-ఎల్ అన్నా చెల్లుతుంది. మన వంటింటి మాటే, పిల్లలు ధైర్యంగా వాడొచ్చు.

ఆటలో అసలు చిక్కు క్యూ, జెడ్ బిళ్లలతోనే. ఒక్కోదానికి 10 మార్కులు. కానీ క్యూ చేతికొస్తే, యూ ఎక్కడా అని చాలామంది వెతుక్కుంటూ కూర్చుంటారు. యూ అక్కర్లేదు. క్యూ పక్కన ఐ పెట్టండి. దాన్ని 'చీ' అని పలకాలి. చైనావారు ప్రాణశక్తిని అలా అంటారు. మళ్లీ చెబుతున్నా: క్యూ, ఐ.

జెడ్ వస్తే పక్కన ఏ పెట్టండి. 'జా' అంటే పిజ్జాకు అమెరికా కుర్రకారు పెట్టిన పొట్టిపేరు. జెడ్, ఓ కలిపితే 'జో'. హిమాలయాల్లో జడలబర్రెకూ ఆవుకూ పుట్టే సంకర పశువు. ఎంత ముచ్చటైన మాటో! అయితే జో బ్రిటిష్ జాబితాలోనే ఉంది, అమెరికా జాబితాలో లేదు. అందుకే ఏ నిఘంటువుతో ఆడుతున్నారో ముందే మాట్లాడుకోండి.

క్యూకి ఐ, జెడ్‌కి ఏ. ఈ రెండూ ఈ రాత్రే పిల్లలతో రాయించండి.