పాడే గొంతుకూ హక్కులున్నాయి
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కళాకారిణుల హక్కుల గురించి మాట్లాడమన్నారు. ఇంగ్లండుకు చెందిన ఒక గాయని జీవితంతో మొదలుపెడతాను. ఆమె పేరు సోన్యా క్రిస్టీనా.

1949లో పుట్టిన ఆమె చిన్న వయసులోనే జానపద సంగీత క్లబ్బుల్లో పాడింది. 1968లో లండన్‌లో ప్రదర్శించిన 'హెయిర్' సంగీత నాటకంలో నటించింది. అప్పటిదాకా అక్కడ నాటకం ఆడాలంటే రాజాస్థాన అధికారి అనుమతి కావాలి. 1737 నాటి చట్టంతో బలపడిన ఆ సెన్సారు రద్దయిన మర్నాడే, సెప్టెంబరు 27న, 'హెయిర్' తెర లేచింది.

1970లో 'కర్వ్‌డ్ ఎయిర్' అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందంలో చేరింది. రాక్‌కు శాస్త్రీయ సంగీతాన్ని జోడించి సుదీర్ఘంగా, సంక్లిష్టంగా స్వరపరిచే సంగీతం అది. బృందంలో వయొలిన్, కీబోర్డు వాయించేవాళ్లు పేరున్న సంగీత విద్యాలయాల్లో చదివిన యువకులు. ఆ రంగంలో దాదాపు అందరూ మగవాళ్లే. అలాంటి చోట వేదిక మధ్యలో నిలబడిన స్త్రీని అలంకారంగా చూడటం ఎంత తేలికో మనకు తెలుసు.

ఆమె పాడటంతో ఆగలేదు, రాసింది కూడా. 1971లో బ్రిటన్ అమ్మకాల పట్టికలో 4వ స్థానానికి చేరిన 'బ్యాక్ స్ట్రీట్ లవ్' పాటకు మాటలు ఆమెవే. ఇది చిన్న విషయం కాదు. రికార్డు అమ్ముడైనా, రేడియోలో వినిపించినా రచయితకూ, స్వరకర్తకూ విడిగా రాయల్టీ వస్తుంది. పాడినందుకు వచ్చేది వేరే లెక్క, అది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి రచయితగా పేరు నమోదు కావడమంటే అన్నం పెట్టే హక్కు దక్కడమే.

1972లో వ్యవస్థాపక సభ్యులు వెళ్లిపోయినా, ఆమె కొత్తవాళ్లతో బృందాన్ని నిలబెట్టి 1973లో మరో ఆల్బం తెచ్చింది. పాట హిట్టయినంత మాత్రాన జీవిక స్థిరపడలేదు. ఒక దశలో లండన్‌లోని ఒక జూదశాలలో ఉద్యోగం చేసింది. 1976లో బృందం ఆగిపోయాక కూడా ఆమె పాట మానలేదు. 2008లో బృందం మళ్లీ కూడింది. 2014లో కొత్త ఆల్బం వచ్చినప్పుడు ఆమెకు దాదాపు 65 ఏళ్లు. వయసు మీరిన స్త్రీకి వేదిక మీద చోటెక్కడిది అనేవాళ్లకు అదే జవాబు.

ఇక మన సంగతి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. సారా వ్యతిరేక పోరాటానికి ఆ చదువు, ఆ పాట ఊపిరిపోశాయి. ఆ పాటలు పాడిన స్త్రీలలో ఎందరి పేర్లు మనకు గుర్తున్నాయి? పాటను ఉద్యమానికి చేసే సేవ అంటాం. సేవ అన్నాక కూలి మాట ఎత్తం. నిజానికి అది శ్రమ.

మన కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు, ఆడేవాళ్లే కాదు, పామునాడించేవాళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. 2012 సవరణ మరో అడుగు వేసింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకులకు రాయల్టీ రావాలి. వాళ్ల పేరూ చెప్పాలి.

చట్టం కాగితం మీదుంది. దాన్ని అమలులోకి తెచ్చే పని మన సంస్థల నుంచే మొదలుకావాలి. ఒక అక్క చేత పాట పాడించి ఫోన్‌లో రికార్డు చేసేముందు అనుమతి అడుగుదాం. ఎక్కడ వాడతామో చెబుదాం. పాట కట్టినవాళ్ల పేరు, పాడినవాళ్ల పేరు రెండూ వేద్దాం. బడ్జెట్లో మైకుకూ, షామియానాకూ పద్దు రాసినట్టే గొంతుకూ ఒక పద్దు రాద్దాం.