పార్శ్వపునొప్పి మందులు - మేలుకీళ్ళు



మన పల్లెలలో తలనొప్పికి సాక్ష్యము దొరకదు. జ్వరము వచ్చినచో ఒంటిపై చేయి వేసి చూతురు. కాలు విరిగినచో కట్టు కనబడును. తలనొప్పి వచ్చి ఇల్లాలు నుదుటికి గుడ్డ బిగించి, తలుపు మూసికొని చీకటిలో పడుకొన్నచో, పని తప్పించుకొనుటకే పడుకొన్నదని అనువారు నేటికిని కలరు. ఆ మాటకు వెరచి ఆమె దుకాణమున దొరకు బిళ్ళ నొకదానిని మ్రింగి, లేచి పనిలోనికి దిగును. ఆ బిళ్ళ ఏమి చేయునో, ఎన్నాళ్ళు చేయునో, ఎప్పుడు ఎదురు తిరుగునో నేడు ముచ్చటింపదలచితిమి.

మన ప్రాంతమున ఒంటితలనొప్పి అనియు, పార్శ్వపునొప్పి అనియు పిలుచు జబ్బునే వైద్యులు మైగ్రేను అందురు. ఆయుర్వేదమున దీనికి దగ్గరగా నుండు జబ్బునకు అర్ధావభేదకమని పేరు. తలకు ఒకవైపున, కొందరికి రెండువైపులను, నాడి కొట్టుకొన్నట్లు పోటు పుట్టును. కడుపులో త్రిప్పును. వెలుతురును చప్పుడును సహింపరానివగును. మెట్లెక్కినను బరువెత్తినను నొప్పి హెచ్చును. మందు పుచ్చుకొననిచో ఇది 4 గంటలు మొదలు 72 గంటలవరకు నిలుచును. కొందరికి నొప్పికి ముందు కన్నుల యెదుట మెరుపుగీతలు కదలాడును. ముఖమునకును మెదడు పొరలకును సంబంధించిన నరములు రేగుటయే దీనికి ముఖ్యకారణము. ఇది నటన కాదు, మనోదౌర్బల్యము కాదు. పెక్కు కుటుంబములలో తల్లినుండి బిడ్డకు దిగివచ్చు శరీరధర్మము.

ఇది అరుదైన జబ్బును కాదు. కర్ణాటకమున ఇల్లిల్లు తిరిగి జరిపి 2015లో ప్రకటించిన ఒక పరిశీలనలో, పెద్దవారిలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఆ యేడాదిలో ఈ నొప్పి వచ్చినట్లు తేలినది. పురుషులకంటె స్త్రీలకే ఇది ఎక్కువ. పొరుగురాష్ట్రమున నున్నది మనయెడ లేకుండునని తలచుటకు కారణము లేదు.

ఇక మందుల మాట. ఇవి రెండు తెగలు. మొదటివి వచ్చిన నొప్పిని అణచునవి. రెండవవి నొప్పి పలుమారులు రాకుండ కాచునవి. చెరువుకట్టకు గండి పడినప్పుడు ఇసుకబస్తాలు వేయుట యొకటి, వానలకు ముందే కట్టను గట్టిపరచుట యొకటి. ఈ రెండు పనులకును ఒకే మందు చాలునని తలచుటవలననే చిక్కులు పుట్టుచున్నవి.

నొప్పిని అణచువానిలో మొదటిది పారాసిటమాలు. మితముగా వాడిన కడుపునకు హాని తక్కువ. మితి మీరినచో కాలేయము చెడును. జలుబు బిళ్ళలోను, ఒంటినొప్పుల బిళ్ళలోను ఇదే మందు కలిసియుండుటచే, తెలియకయే రెట్టింపు మోతాదు మ్రింగువారు కలరు. ఇబుప్రొఫేను, నాప్రొక్సేను అనునవి ఇంతకంటె బలమైనవి. అవి కడుపులో పుండ్లు పుట్టింపవచ్చును, మూత్రపిండములకు చెరుపు చేయవచ్చును. మండుటెండలో చెమటోడ్చి, నీరు త్రాగక, పరగడుపున ఈ బిళ్ళలు మ్రింగుట మూత్రపిండములకు రెండింతల అపాయము.

మామూలు బిళ్ళలకు లొంగని నొప్పికి ట్రిప్టానులు అను మందులు కలవు. ఇవి సామాన్యమైన నొప్పిబిళ్ళలు కావు. ముఖ్యముగా పార్శ్వపునొప్పికొరకే పుట్టినవి. వీనిలో మొదటిదైన సుమట్రిప్టాను 1991లో విక్రయమునకు వచ్చినది. తరువాత రిజట్రిప్టాను మొదలగునవి వచ్చినవి. నొప్పి తొలిదశలో నుండగనే పుచ్చుకొన్నచో గుణము మెండు. అయినను ఇది మంత్రము కాదు. నొప్పి ముదిరినవారికి 100 మిల్లీగ్రాముల సుమట్రిప్టాను ఇచ్చి పరీక్షించినప్పుడు, రెండు గంటలలో నొప్పి చాలవరకు తగ్గినవారు పదిమందిలో ఆరుగురు. పూర్తిగా పోయినవారు ముగ్గురు. మందులేని ఉత్తబిళ్ళ పుచ్చుకొన్నవారిలో పూర్తిగా పోయినది పదిమందిలో ఒకరికి మాత్రమే. ఈ మందువలన కొందరికి మెడ, దవడ, రొమ్ము బిగబట్టినట్లగును. ఒడలు వెచ్చనగును, చిమచిమలాడును, మగతగా నుండును. అవి సాధారణముగా కొలదిసేపటికి పోవును. కాని గుండెజబ్బు కలవారును, పక్షవాతము వచ్చినవారును, అదుపులో లేని రక్తపుపోటు కలవారును దీనిని ముట్టరాదు. ఇది రక్తనాళములను ముడుచును.

అంతకంటె పాతది ఎర్గోటమైను. రై అను ధాన్యపు కంకులకు పట్టు ఒక బూజునుండి 1918లో స్విట్జర్లాండులోని బాసెలు నగరమున ఆర్థర్ స్టోల్ దీనిని వేరుపరచెను. మన సజ్జకంకులకు వచ్చు తేనెబంక తెగులు ఆ బూజునకు దాయాది. ఎర్గోటమైను కూడ రక్తనాళములను ముడుచునదే, వాంతులను హెచ్చించును. గర్భిణులకు పనికిరాదు. ఎరిత్రోమైసిను, క్లారిత్రోమైసిను వంటి సూక్ష్మజీవినాశక మందులతో కలిసినచో చేతులకు కాళ్ళకు నెత్తురు అందకుండ పోవు ప్రమాదము కలదు. దీనిని పుచ్చుకొన్న దినముననే ట్రిప్టాను పుచ్చుకొనరాదు. నేటికిని మూడు నాలుగు మందులు కలిపిన తలనొప్పి బిళ్ళలలో ఇది చేరియుండుట కలదు. కావున బిళ్ళ వెనుకనున్న చిన్న అక్షరములను చదివించుకొనుట మేలు.

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ప్రాణమైన మాట చెప్పుచున్నాము. నొప్పిబిళ్ళయే నొప్పిని పుట్టించును. పారాసిటమాలు, ఇబుప్రొఫేను వంటివి నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, ట్రిప్టానులు, ఎర్గోటమైను, కలగలుపు బిళ్ళలు 10 దినములు గాని అంతకు మించి గాని, మూడు నెలలకు పైగా వాడినచో, అప్పుడప్పుడు వచ్చు నొప్పి దినదినము వచ్చు నొప్పిగా మారవచ్చును. బిళ్ళ బలము దిగగనే తల నొచ్చును, నొచ్చినదని మరల బిళ్ళ, మరల నొప్పి. అప్పుల ఊబివలె దిగినకొలది లోతగును. బయటపడుటకు ఆ బిళ్ళను మానుటయే దారి. మానిన మొదటి దినములలో నొప్పి హెచ్చును. పిమ్మట పెక్కుమందికి తగ్గును. వైద్యుని అండతో మానుట క్షేమము.

నెలకు నాలుగు దినములు గాని అంతకంటె ఎక్కువ గాని నొప్పితో పడుకొనువారు రెండవ తెగ మందులనుగూర్చి వైద్యుని అడుగవలెను. ఇవి ప్రతిదినము పుచ్చుకొనవలసినవి. వీనిలో పెక్కు మొదట వేరు జబ్బులకొరకు పుట్టినవి. ప్రొప్రనలోలు గుండెకొరకు వచ్చినది. గుండెనొప్పికి దానిని పుచ్చుకొన్నవారికి తలనొప్పియు తగ్గినట్లు 1966లో వైద్యులు ప్రకటించిరి. అమిట్రిప్టిలిను మనోవ్యాధులకును, టోపిరమేటు, వాల్ప్రొయేటు మూర్ఛకును పుట్టినవి. ఫ్లునరిజిను మన దేశమున విరివిగ వ్రాయు మరియొక మందు. వీనిలో ఏది గొప్పది అని అడుగుట సరికాదు. ఎవరికి ఏది తగును అని అడుగవలెను. దీనిని విశదపరచుటకు, పూర్వపు వరంగల్లు జిల్లా చీలి 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలైన మూడుచోట్ల ముగ్గురిని ఊహించుకొందము. వీరు కల్పితులు, కాని వీరివంటివారు మనలో ఉన్నారు.

మొదటివారు జనగామలో ఒక వర్తకులు. వయస్సు 55. ఈ నొప్పి పడుచుదనమునుండియు కలదు. ఇటీవల గుండెకు చికిత్స జరిగినది. వీరికి ట్రిప్టానులును, ఎర్గోటమైనును నిషిద్ధములు. ఇబుప్రొఫేను వంటివియు గుండెకు మంచివి కావు. పారాసిటమాలే వీరికి దిక్కు. ప్రొప్రనలోలు తగవచ్చును, రక్తపుపోటును, తలనొప్పిని రెండింటిని అది అణచును. కాని నాడి మందగించును, అలసట కలుగును, చేతులు చల్లబడును. మధుమేహమునకు ఇన్సులిను పుచ్చుకొనువారిలో చక్కెర పడిపోయినపుడు వచ్చు గుండెదడ ఈ మందుచే మరుగుపడును. దీనిని ఒక్కసారిగా మానుట గుండెకు ప్రమాదము.

రెండవవారు మహబూబాబాదు చెంత మిరపతోటలలో కాయ కోయుటకు పోవు అమ్మ. వయస్సు 26. చిన్ననాటినుండి ఉబ్బసము కలదు. మరియొక బిడ్డ కావలెనని కోరిక. జనగామవారికి మేలు చేసిన ప్రొప్రనలోలు ఈమెకు ఊపిరి ఆడకుండ చేయగలదు. వాల్ప్రొయేటు గర్భమునందలి శిశువునకు మిక్కిలి హానికరము. ఆ మందు వాడిన తల్లులకు పుట్టిన బిడ్డలలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి అంగలోపములు కలుగుచున్నవి, మరికొందరికి బుద్ధివికాసము కుంటుపడుచున్నది. టోపిరమేటును అట్టి దశలో వాడరాదు. రాత్రివేళ అమిట్రిప్టిలిను స్వల్పమోతాదు తగునేమో వైద్యుడు చూడవలెను. దానివలన నోరు ఎండును, మలబద్ధమగును, ఉదయమువరకు మగత నిలుచును. ఈమె వైద్యునితో తప్పక చెప్పవలసిన మాటలు రెండు: ఉబ్బసము కలదని, బిడ్డ కావలెనని. నొప్పికి ముందు కన్నులయెదుట మెరుపులు కనబడు స్త్రీలు ఆ సంగతియు చెప్పవలెను. అట్టివారికి ఈస్ట్రోజెను కలిసిన కుటుంబనియంత్రణ బిళ్ళలు పక్షవాతపు భయమును హెచ్చించును.

మూడవవారు భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనిలో పనిచేయు కార్మికులు. ఒకవారము పగటిపని, ఒకవారము రాత్రిపని. నిద్రవేళలు మారుటయే ఈ నొప్పిని రేపును. ఫ్లునరిజిను వీరికి నిద్రమత్తు తెచ్చును. యంత్రముల నడుమ నిలుచువారికి మత్తు ప్రాణాపాయము. అది ఒడలి బరువును హెచ్చించును. కొందరిని దిగులులో ముంచును. మరికొందరికి చేతులు వణకును, నడక బిగుసుకొనును. దిగులు జబ్బు కలవారికి దానిని ఇయ్యరాదు. టోపిరమేటు బరువును తగ్గించును గాని, వ్రేళ్ళు తిమ్మిరెక్కును, తెలిసిన మాటయే నోటికి అందకపోవును, మూత్రపిండములలో రాళ్ళు పుట్టవచ్చును. చెమటను తగ్గించుటచే ఎండవేడిమి ఒంటిలోనే నిలిచిపోవచ్చును. కావున నీరు సమృద్ధిగ త్రాగవలెను. హఠాత్తుగా కన్ను నొచ్చి చూపు మసకబారినచో వెంటనే వైద్యుని చూడవలెను.

చూచితిరి గదా! ఒకే నొప్పి, ముగ్గురు మనుష్యులు. ఒకరికి మేలైనది వేరొకరికి కీడగుచున్నది. పొరుగింటివారికి గుణమిచ్చినదని వారి బిళ్ళను అరువు తెచ్చుకొనుట ఇందుకే కూడదు. వీనిలో పెక్కు మందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని శాసనము చెప్పుచున్నది. అది వర్తకుని బాధించుటకు కాదు, మనలను కాచుటకు.

ఈ జబ్బుకొరకే చేసిన మరికొన్ని మందులును వచ్చినవి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఎరెనుమాబు నెలకొకమారు చర్మము క్రింద వేయు సూదిమందు. దానివలన మలబద్ధము, కొందరికి రక్తపుపోటు కలుగవచ్చును. దాని ఖరీదు సామాన్య కుటుంబములకు పెనుభారము. పాత మందులు సరిగా వాడినచో పెక్కుమందికి మేలు జరుగును గనుక, ఖరీదైనది దొరకలేదని నిరాశ పడనక్కరలేదు. కాని కాచు మందు గుణము తెలియుటకు రెండు మూడు నెలలు పట్టును. వారము చూచి మానివేయుట, విత్తిన మరునాడే మొలకకొరకు మట్టిని త్రవ్వి చూచుటవంటిది. నొప్పి దినములు సగమునకు తగ్గినను మందు ఫలించినట్లే.

ఖర్చులేని సాధనము ఒకటి కలదు. గోడకు వ్రేలాడు క్యాలెండరుపై నొప్పి వచ్చిన దినమున సున్న చుట్టుడు. బిళ్ళ మ్రింగిన దినమున అడ్డగీత గీయుడు. నెల చివర ఎన్ని గీతలో లెక్కించుడు. పది దాటినచో హెచ్చరిక. ఆ కాగితమును, ఇంటనున్న బిళ్ళల అట్టలను వెంట తీసికొని పొండు. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. పెద్దవైద్యునికొరకు వరంగల్లువరకు పోవలసిన అక్కర కొంత తగ్గినది.

తుదకు ఒక హెచ్చరిక. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరముతో మెడ బిగిసిన నొప్పి, మూతి వంకరపోయిన గాని కాలుచేయి పడిపోయిన గాని వచ్చు నొప్పి, తలకు దెబ్బ తగిలిన పిమ్మట వచ్చు నొప్పి, గర్భవతికి గాని 50 ఏండ్లు దాటినవారికి గాని క్రొత్తగా పుట్టిన నొప్పి - వీనిని పార్శ్వపునొప్పి యని సరిపెట్టుకొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

వేళకు అన్నము, వేళకు నిద్ర, ఎండలో తలకు నీడ, కడుపునకు నీరు - ఇవి అన్ని మందులకును తోడు. వీనితోపాటు ఇంటివారి నమ్మకమును కావలెను. చీకటిగదిలో పడుకొన్నవారిని "ఏమి నటన!" అనక, "ఈ నెలలో ఇది ఎన్నవదినము?" అని అడుగుడు. చికిత్స ఆ ప్రశ్నతోనే ఆరంభమగును.