వడగాలి – మన కర్తవ్యము

(ఉగాది సమావేశమున చేసిన ప్రసంగము)



ఈసారి నీవుకూడ నాలుగు మాటలు చెప్పవలెనని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనుకాడినాను. నేను రైల్వేలో గుమస్తాను. చదువు పదవ తరగతితో ఆగినది. వేదిక మీద నిలబడి మాట్లాడే అలవాటు లేదు. అయినా ఒక సంగతి పదేండ్లకు పైగా నా మనస్సులో ఉన్నది. దానిని చెప్పుకొనుటకు మన వాళ్ళున్న ఈ సభకంటె తగిన చోటు లేదని వచ్చినాను.

ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి తింటాము. ఆ చేదు ఒక్క నిమిషములో పోతుంది. పండుగ వెనుక వచ్చే ఎండలు మాత్రము వానలు పడేదాకా పోవు. వాటిని గురించే నా మాటలు.

2015వ సంవత్సరము మే నెల. నేను ఉద్యోగములో చేరి ఎంతో కాలము కాలేదు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఒకనాటి మధ్యాహ్నము ఇంటి నుండి ఫోను వచ్చినది. మా పెదనాన్న పొలము నుండి వచ్చి ఏదేదో సంబంధము లేకుండ మాట్లాడుతున్నాడనీ, ఒళ్ళు కాలిపోతున్నదనీ, చెమట చుక్క లేదనీ మా అన్న చెప్పినాడు. నేను ఇక్కడ చెట్టు నీడన నిలబడి ఉన్నాను. "ఎండకు సొమ్మసిల్లి ఉంటాడన్నా, తలుపులు వేసి పడుకోబెట్టండి, పొద్దుగూకేసరికి తేరుకుంటాడు" అన్నాను. ఇంట్లో ఉద్యోగము చేసేవాడిని నేను ఒక్కడినే. నా మాట విన్నారు. పొద్దుగూకేసరికి ఆయన లేడు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ ఎండను తిట్టినారు. కాని ఆ మాట చెప్పినవాడిని నేను గదా! ఆ తరువాతనే తెలిసినవారిని అడిగి, దొరికినవి చదివి కొంత నేర్చుకున్నాను.

ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి సుమారు రెండు వేలమంది వడదెబ్బకు పోయినారు. మా ప్రకాశం జిల్లా, తెలంగాణలో నల్లగొండ జిల్లా ఎక్కువగా దెబ్బతిన్నవి. ఖమ్మంలో ఎండ 47 డిగ్రీలు దాటినది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరకే అనలేదు. కాని ఆ యేడు రోహిణి రాకముందే నిప్పులు కురిసినవి. వాయవ్య దిక్కున ఎడారి సీమల మీదుగా వచ్చే పొడిగాలి మన నేల మీద నిలిచిపోయినది. మధ్యాహ్నానికి చల్లబరచవలసిన సముద్రపు గాలి వేళకు లోపలికి రాలేదు. ఎక్కడి ఎడారి, ఎక్కడి మన ఒంగోలు! గాలికి జిల్లాల సరిహద్దులు లేవు.

వాతావరణ శాఖవారు వడగాలిని నిర్ణయించుటకు మూడు కొలతలు పెట్టుకున్నారు. మైదానములో 40 డిగ్రీలు, సముద్రతీరములో 37, కొండప్రాంతములో 30 దాటి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువగా ఉంటే వడగాలి అంటారు. కొండమీద 30 డిగ్రీలకే ఎందుకు భయపడవలెనని నాకు మొదట నవ్వు వచ్చినది. తరువాత అర్థమైనది. మన ఒంటిని చల్లబరిచేది చెమట. అది ఆరినప్పుడే చలువ. తీరములో గాలినిండా తేమ ఉంటుంది గనుక చెమట కారుతుందే గాని ఆరదు. ఎడారిలో కనబడకముందే ఆరిపోతుంది. ఒంటిలో నీరు ఎంత పోయినదో మనిషికి తెలియదు. రాజస్థాన్‌లో ఫలోడి అనే ఊళ్ళో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైనది. ఇక కొండవాళ్ళ ఒళ్ళుగాని ఇండ్లుగాని వేడికి అలవాటుపడినవి కావు. అందుచేత తక్కువ ఎండే వారికి ఎక్కువ.

మరి మనమెవరము? బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చల్లని ఊరని నమ్మి వచ్చి స్థిరపడినాము. కాని 2016 ఏప్రిల్ 24న ఇక్కడ 39.2 డిగ్రీలు, 2024 ఏప్రిల్ 28న 38.5 డిగ్రీలు వచ్చినవి. 2024లో ఎండలు ముదరకముందే మన వైట్‌ఫీల్డ్‌లో బోర్లు ఎండి, బిందెలు పట్టుకొని ట్యాంకరు కోసము కాచుకున్న సంగతి ఆడవారిని అడగండి, చెప్పుతారు. చల్లని ఊరు అనే ధీమా ఇక పనికిరాదు.

సెలవులకు ఊరికి పోయే కుటుంబములకు మరొక మాట. సాయంత్రము బండి ఎక్కి తెల్లవారి దిగుతాము. బండి రాత్రికి రాత్రే దిగువకు చేరుస్తుంది, మన ఒళ్ళు మాత్రము అంత త్వరగా దిగదు. కొత్త ఎండకు శరీరము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పడుతుందని వైద్యులు అంటారు. కనుక దిగిన నాడే పిల్లలను మిట్టమధ్యాహ్నము మామిడితోటలకు పంపవద్దు.

మా రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. ఇనుప పట్టా వేడికి సాగుతుంది. కిలోమీటరు పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే 30 సెంటీమీటర్లకు పైగా సాగవలెను. ఇప్పుడు పట్టాలను పొడుగున అతికించి బిగిస్తారు గనుక సాగుటకు చోటు లేదు. ఆ ఒత్తిడి హద్దు దాటితే పట్టా పక్కకు వంగుతుంది. అందుకే ఎండ ముదిరిన మధ్యాహ్నములలో లైను వెంట నడిచి చూచే మనుషులను పెడతారు. ఇనుముకు కాపలా ఉన్నది, మంచిదే. ఆ కాపలా కాసే మనిషికి, పక్కన మేడలు కట్టే కూలీకి కాపలా ఎవరు?

ఇక్కడ లేచే ప్రతి మేడ వెనుక రేకుల షెడ్లున్నవి. వాటిలో అనంతపురం నుండి, కర్నూలు నుండి, పాలమూరు నుండి వచ్చిన మన వాళ్ళున్నారు. పగలు ఎండలో ఇటుకలు మోస్తారు, రాత్రి వేడి దిగని రేకుల కింద పడుకుంటారు. వారు మన సంఘములో సభ్యులు కారు, ఈ సభకు రాలేదు. కాని వారు మాట్లాడేది మన భాషే గదా!

2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండ 46.8 డిగ్రీలకు పోయి, ఆ నెలలో మామూలుకంటె 1,300 మందికి పైగా ఎక్కువగా మరణించినారు. ఆ ఊరివారు 2013లో ఒక ప్రణాళిక పెట్టుకున్నారు. ముందురోజే హెచ్చరిక, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, వీధుల్లో మంచినీళ్ళు – ఇవే అందులో ముఖ్యమైనవి. మన రెండు రాష్ట్రాలుకూడ తరువాత అటువంటివి పెట్టుకున్నవి. ఈ మంచినీళ్ళ ఏర్పాటు మనకు కొత్త కాదు. చలివేంద్రము మన తాతల నాటిది. కన్నడిగులు దానినే అరవట్టిగె అంటారు. ఈ ఉగాది నుండి వానలు పడేవరకు మన సంఘము తరపున ఒక చలివేంద్రము పెట్టవలెనని నా మనవి. తాటాకు పందిరి, నాలుగు కుండలు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలును. నా వంతుగా ఆదివారములు నేను నిలబడతాను.

చివరిగా, ఆనాడు నాకు తెలియని సంగతి చెప్పి ముగిస్తాను. ఎండలో తిరిగినవాడికి ఒళ్ళు కాలుతూ మాట తడబడినా, మతి తప్పినా, అది అలసట కాదు, వడదెబ్బ. చెమట ఆగవచ్చును, కష్టము చేసేవాడికైతే చెమట పడుతూనేకూడ రావచ్చును. మతి తప్పుటయే అసలు గుర్తు. గదిలో పడుకోబెట్టి తలుపులు వేయవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. మెడ మీద, చంకలలో, గజ్జలలో చల్లని తడిగుడ్డలు పెట్టండి. తెలివి లేనివాడి నోట నీళ్ళు పోయవద్దు. బండి వచ్చేదాకా చల్లబరుచుట ఆపవద్దు.

ఈ మాటలు ఇంటికి పోయి, ఊళ్ళో ఉన్న అమ్మకు, నాన్నకు, అన్నదమ్ములకు ఈ రాత్రే ఫోనులో చెప్పండి. రేపు మధ్యాహ్నము అక్కడి నుండి మీకు ఫోను రావచ్చును. అప్పుడు మీరు చెప్పే మాట నేను చెప్పినటువంటిది కాకూడదు.