ఏరు దాటిన పిదప తెప్ప గతి

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లని మనలో నొక సామెత కలదు. మేలు మరచినవారి విషయమున దానిని వాడుదుము. కాని యంత్రముల విషయమునను ఆ సామెత ఆలోచింపదగినదే. క్రొత్త యంత్రము వచ్చినప్పుడు పాతదానిని అటకమీదికి చేర్చుట సులభము. ఆ పాతదానికై మనుష్యులు ఏండ్ల తరబడి వ్రాసిన ప్రోగ్రాముల గతి యేమి? ఈ ప్రశ్నకు జెడ్ 80 అను మైక్రోప్రాసెసరు, దాని వారసుల చరిత్రము చక్కని నిదర్శనము. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

మైక్రోప్రాసెసరు గోరంత సిలికాను ముక్కపై రూపొందించిన మెదడు వంటిది. అది నియమితములైన కొన్ని యాదేశములను మాత్రమే గ్రహింపగలదు. ఈ యంకెను తెమ్ము, ఆ యంకెతో కూడుము, ఫలితము సున్నయైనచో ఫలానిచోటికి పొమ్ము - ఇట్టివే ఆ యాదేశములు. వాని మొత్తమే దాని భాష. ఒక జాతి మైక్రోప్రాసెసరు భాషలో నున్న ప్రోగ్రాము వేరొక జాతిదానికి అర్థము కాదు. కనుక మెదడును మార్చుట యనగా, పెక్కుమారులు, వ్రాసినదంతయు మరల వ్రాయుటయే యగును.

జెడ్ 80ని అమెరికాలోని జైలాగ్ సంస్థ 1976లో విడుదల చేసెను. ఆ సంస్థను 1974లో స్థాపించినవారిలో ఫెదెరికో ఫాజిన్ ఒకరు. ఇంటెల్ సంస్థవారి 8080 అను మైక్రోప్రాసెసరు రూపకల్పనలో ఆయన అంతకుముందే ప్రముఖపాత్ర వహించియుండిరి. జెడ్ 80 ఆ 8080 యొక్క 78 ఆదేశములను అట్లే నిలుపుకొని, తనవి చేర్చి, మొత్తము 158గా పెంచుకొనెను. 8080కి మూడు వేర్వేరు వోల్టేజీలు కావలసియుండగా, దీనికి 5 వోల్టులు ఒక్కటే చాలును. సుమారు 8,500 ట్రాన్సిస్టర్లు గల ఈ చిన్న వస్తువు 1977 నాటి టీఆర్‌ఎస్-80 కంప్యూటరులోను, 1980 నాటి పాక్-మాన్ ఆటయంత్రములోను, 1982 నాటి స్పెక్ట్రమ్ కంప్యూటరులోను పనిచేసెను. పూర్వుని భాషను గౌరవించియే అది పెద్దదయ్యెనన్నమాట.

అయినను జెడ్ 80ని చేసినవారే 1979లో జెడ్ 8000 అను మరియొకదానిని తెచ్చిరి. అది శక్తిమంతము, కాని దాని భాష వేరు. జెడ్ 80కై వ్రాసిన ప్రోగ్రాములనే నమ్ముకొనినవారికి దానిలోనికి తిన్నని దారి లేదు. జెడ్ 80కి లభించిన వ్యాప్తి దానికి లభింపలేదు. అట్లని పాత భాషను నిలుపుకొన్నంతమాత్రమున విజయము తథ్యమని తలంపరాదు. 1987లో వచ్చిన జెడ్ 280 పాత భాషను గ్రహించుచునే అనేక నూతన శక్తులను చేర్చుకొనెను. అదియు అంగడిలో నిలువలేదు.

ఈలోగా జపానులోని హిటాచీ సంస్థ 1985లో వేరొక మార్గము త్రొక్కెను. పాత భాషను ఉంచి, జెడ్ 80 తిన్నగా చూడగలిగిన 65,536 బైట్ల మెమరీని పది లక్షల బైట్లకు మించి విస్తరింపజేసెను. జైలాగ్ వారును దానిని జెడ్ 180 పేర తయారుచేసిరి. అయితే ఇందొక చిక్కు కలదు. జెడ్ 80లో పుస్తకమున కెక్కని యాదేశములు కొన్ని యుండెను. వానిని కనిపెట్టి వాడుకొనిన ప్రోగ్రాము రచయితలు పలువురు. జెడ్ 180 అట్టి యాదేశము కనబడగానే దానిని దోషముగా నెంచి అడ్డగించును. పెరటిదారికి గొళ్లెము పడినదన్నమాట.

2001లో వచ్చిన ఈజెడ్ 80 ఈ విషయమున ఉదారముగా వర్తించెను. ఆ పెరటిదారులలో కొన్నింటిని గ్రంథమున చేర్చి రాజమార్గములుగావించెను. అది రెండు విధములుగా నడచును. ఒక విధమున జెడ్ 80 వలెనే 65,536 బైట్ల హద్దులో మెలగుచు పాత ప్రోగ్రాములను నడుపును. రెండవ విధమున 160 లక్షల బైట్లకు పైబడిన మెమరీని ఏకముగా చూడగలుగును. వేగమును హెచ్చినది. ఊరకుండుమను ఆదేశమునకు సైతము జెడ్ 80కి గడియారపు స్పందనములు నాలుగు పట్టును. దీనికి ఒక్కటి చాలును. 2015 నాటి టీఐ-84 ప్లస్ సీఈ అను విద్యార్థుల లెక్కలయంత్రములో నున్నది ఇదియే.

ఇక శ్రోతలు గమనింపవలసిన ముఖ్యవిషయము. భాష నిలిచినంతనే సర్వమును నిలిచినట్లు కాదు. విడి జెడ్ 80 చిప్పుల తయారీని నిలుపనున్నట్లు 2024 ఏప్రిలులో జైలాగ్ ప్రకటించి, జూన్ 14ను కడపటి ఆర్డర్లకు గడువుగా నిర్ణయించెను. పాత యంత్రములు గలవారు ఆ 40 కాళ్ల చిప్పును ఊడదీసి ఈజెడ్ 80ని అచట గ్రుచ్చుటకు వీలులేదు. దాని కాళ్ల అమరిక వేరు; దానికి వలయునది 5 వోల్టులు గాదు, 3.3 వోల్టులు. వేగము సైతము ఒక్కొక్కయెడ శత్రువగును. ఏదేని చక్రము తిరుగుటకు వ్యవధి నీయదలచి, ఇన్నిమారులు ఊరక లెక్కపెట్టుమని పాత ప్రోగ్రాము చెప్పియుండవచ్చును. క్రొత్తది ఆ లెక్కను చిటికెలో ముగించును, చక్రమింకను తిరిగియుండదు. ప్రోగ్రాము ఒక్కయక్షరమైన మారలేదు. పని మాత్రము చెడినది.

కావున వారసత్వమనగా రెండు పక్షముల బాధ్యతయని మా యభిప్రాయము. క్రొత్తదానిని చేయువారు పాతవారి శ్రమను మన్నింపవలెను. పాతదానిని వాడినవారును ఏది ఎందుకు వ్రాసిరో, ఎచట ఏ వ్యవధిని నమ్ముకొనిరో మూలప్రతితోపాటు వ్రాసిపెట్టవలెను. ఆ కాగితము లేనిచో ఎంతటి సమర్థుడైన వారసుడును కొంతవరకే ఆదుకొనగలడు. తెప్ప ఎన్నటికైనను శిథిలము కాకమానదు. దానిని కట్టిన విధము వ్రాసియున్నచో, ఏరు దాటవలసిన మరియొకడు మరియొక తెప్పను కట్టుకొనగలడు.